డెబ్బయ్యో ఏట కొరియను ఓనమాలు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను గురించీ, వైద్యం బిల్లుల గురించీ మాట్లాడుకునే ఈ వేదిక మీద కొరియా భాష గురించి చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను పండితుణ్ణి కాను. కొరియాలో చదువుకున్నవాణ్ణీ కాను. రాజమండ్రిలో నా ఇంటి వసారాలో కూర్చుని, ఒక గళ్ల నోటుపుస్తకం, ఒక చెప్పుల డబ్బా, ఒక ఫోను దగ్గర పెట్టుకుని నాకు కావలసినంత నేర్చుకున్నవాణ్ణి. ఎలా నేర్చుకున్నానో, ఏమి కొనుక్కున్నానో, ఏమి కొననక్కరలేదో చెబుతాను. మీలో ఎవరికైనా పనికివస్తే సంతోషం. అనంతపురం వైపు నుంచి వచ్చిన మిత్రులకు ఈ భాష మరీ దూరం కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019లో పని మొదలుపెట్టిన దగ్గర నుంచి ఆ రోడ్డు మీద కొరియా లిపిలో బోర్డులు వారు చూస్తూనే ఉన్నారు.

ముందు, ఈ వయసులో నాకు ఈ అవసరం ఎందుకు వచ్చిందో చెప్పాలి. మా అమ్మాయి పరిశోధన కోసం దక్షిణ కొరియాలోని డేజోన్ నగరానికి వెళ్లింది. సియోలు నుంచి దక్షిణంగా వేగపు రైల్లో ఒక గంట ప్రయాణం. తనతో పనిచేసే కొరియా అబ్బాయిని 2017లో పెళ్లి చేసుకుంది. 2018లో నా భార్య కాలం చేసింది. 2019లో మనవరాలు పుట్టింది. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు వెళ్తే పగలంతా పిల్లను చూసుకునేది మా వియ్యపురాలు. అందువల్ల పిల్లకు మొదట వచ్చిన భాష కొరియను.

ఫోనులో బొమ్మ కనబడేది గాని మాట అందేది కాదు. "అమ్మలూ, అన్నం తిన్నావా?" అని నేనంటే పిల్ల తల్లివైపు చూసేది. తల్లి తర్జుమా చేసేది. పిల్ల ఏదో అనేది. తల్లి మళ్లీ తర్జుమా. మూడేళ్లు నిండని పిల్లకు ఈ ట్రంకు కాలు వ్యవహారం ఎంతసేపు నచ్చుతుంది? అరనిమిషంలో పారిపోయేది. ఒకనాడు వెళ్లబోతూ తల్లిని ఏదో అడిగింది. ఏమందే అంటే మా అమ్మాయి కాస్త తటపటాయించి, "తాతకు మాటలు ఎప్పుడు వస్తాయి అంటోంది నాన్నా" అని చెప్పింది. ముప్ఫై తొమ్మిదేళ్లపాటు ఊరివాళ్ల మాటలు ఊళ్లు దాటించి జీతం తీసుకున్నవాణ్ణి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అది 2021 డిసెంబరు. సంక్రాంతి వెళ్లిన మర్నాడు ఓనమాలు దిద్దడం మొదలుపెట్టాను.

లిపితోనే ఆరంభించాను. చాలామంది మాటలు ముందు, అక్షరాలు తరువాత అంటారు. నేను ఒప్పుకోను. ఆ లిపి అంత సులువు, అంత ముచ్చటైనది. దాని పేరు హంగుల్. సెజోంగ్ అనే రాజు 1443లో కూర్పించి 1446లో ప్రజలకు ప్రకటించాడు. అప్పటిదాకా వాళ్లు చీనా అక్షరాలతోనే రాసుకునేవారు. అవి వేల సంఖ్యలో ఉంటాయి కాబట్టి చదువు పెద్దింటివాళ్లకే పరిమితమైపోయింది. సామాన్యుడు తన మాట తాను రాసుకోవాలన్నది రాజు ఉద్దేశం. దక్షిణ కొరియాలో అక్టోబరు 9న లిపికి పండుగ చేసుకుంటారు, ఆ రోజు సెలవు కూడా. అక్షరాలకు సెలవిచ్చే దేశం నాకు బాగా నచ్చింది.

మూలాక్షరాలు ఇరవై నాలుగు: పద్నాలుగు హల్లులు, పది అచ్చులు. జంట అక్షరాలు కూడా కలిపితే నలభై. మన యాభై ఆరు నేర్చినవాళ్లకు అదొక లెక్కా! ఇంకో విశేషం, హల్లుల ఆకారాలు నోటిలోని అవయవాల ఆకారాలు. 'మ' ఒక చిన్న చతురస్రం, అంటే నోరు. 'స' పంటి గుర్తు, మన ఇంటి కప్పులా ఉంటుంది. 'న' అనేటప్పుడు నాలుక కొన పైకి లేస్తుంది కదా, ఆ అక్షరం ఆ వంపులోనే ఉంటుంది. గాలి ఒత్తి పలకవలసిన అక్షరానికి ఒక గీత అదనంగా గీస్తారు. మనం 'ప' కింద గీత పెట్టి 'ఫ' చేయడం లేదూ, అదే ఊహ. ఇక సున్న ఉంది. మాట మొదట్లో వస్తే దానికి ధ్వని లేదు, అచ్చుకు పీట వేసినట్టు ఊరికే ఉంటుంది. చివర వస్తే 'రంగు'లో సున్నలాగ ముక్కుతో పలుకుతుంది. మన పూర్ణబిందువును అక్కడ చూసి చాలాకాలం తరువాత చుట్టం కనబడ్డంత సంతోషం వేసింది.

అచ్చులకు మూలం మూడే గుర్తులు: ఆకాశానికి చుక్క, భూమికి అడ్డగీత, నిలబడిన మనిషికి నిలువుగీత. ఫోనులో కొరియను రాయడానికి ఇప్పటికీ ఈ మూడు మీటలే పెట్టి అచ్చులన్నీ పుట్టించే పద్ధతి ఒకటి ఉంది. అయిదువందల డెబ్బై ఏళ్లు దాటిన లెక్క మన జేబులో పనిచేస్తోంది. నేను వాడేది అదే, ముసలివేళ్లకు పెద్ద మీటలు హాయి. తంతివాళ్లకు మాత్రమే రుచించే సంగతి మరొకటి: కొరియనుకు విడిగా మోర్సు సంకేతాలు ఉన్నాయి. వాళ్ల 'ఆ'కు ఒక్క 'డిట్' చాలు.

హల్లునూ, అచ్చునూ, ఆఖరి హల్లునూ వరసగా కాక ఒక గడిలో పేర్చి రాస్తారు. మన గుణింతమూ ఒత్తూ తెలిసినవాళ్లకు ఇది అలవాటైన పనే. పది రోజులకు మించి పట్టదన్న ధీమా ఆనాటి పండితులకు ఉండేదట. నాకు పన్నెండు పట్టింది, మధ్యలో ఒకరోజు కరెంటు లేదు.

ఇక సామగ్రి. కొరియా పిల్లలు అక్షరాలు దిద్దే గళ్ల పుస్తకాన్ని కక్తుగి పుస్తకం అంటారు. కక్తుగి అంటే ముల్లంగిని చిన్న చదరపు ముక్కలుగా కోసి పెట్టే ఊరగాయ. మా అమ్మాయి రెండు పంపింది గాని నిజానికి అవసరం లేదు. మన పిల్లలు లెక్కలకు వాడే గళ్ల నోటుపుస్తకం చక్కగా సరిపోతుంది. నాలుగు గళ్లు కలిపి ఒక అక్షరానికి కేటాయించాలి. పెన్సిలు వాడండి, పెన్ను వద్దు.

రెండోది చెప్పుల డబ్బా. ఇంట్లో పాత శుభలేఖలు కట్టలకొద్దీ ఉంటాయి, పారేయడానికి చేతులు రావు. అచ్చు లేని వైపు పేకముక్కల సైజుకు కత్తిరించుకున్నాను. ఒక వైపు కొరియను మాట, రెండో వైపు తెలుగు. డబ్బాలో అట్టముక్కలతో అయిదు అరలు. కొత్త కార్డు మొదటి అరలో ఉంటుంది, దాన్ని రోజూ చూడాలి. సరిగా చెప్పగలిగితే రెండో అరకు ప్రమోషను, దాన్ని రోజు విడిచి రోజు చూస్తే చాలు. మూడోది వారానికొకసారి, నాలుగోది పక్షానికి, అయిదోది నెలకు. తప్పితే ఏ అరలో ఉన్నా మళ్లీ మొదటి అరకే డిమోషను, సీనియారిటీ లెక్కలేదు. ఇది నా తెలివి కాదు. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మను రచయిత 1972లో రాసిన పుస్తకంతో ఈ పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. ఇప్పుడు ఇదే పనిని ఫోనులో 'అంకి' అనే సాధనం చేసిపెడుతుంది. నాకు మాత్రం డబ్బాయే ఇష్టం. చేత్తో రాసినది మనసులో దిగుతుంది. పైగా ఏ పెళ్లి కార్డు వెనుక ఏ మాట రాశానో కూడా గుర్తుంటోంది.

మూడోది ఫోను. కొరియావాళ్ల నేవర్ నిఘంటువు అందులో పెట్టుకోండి, మాట నొక్కితే పలికి వినిపిస్తుంది. కింగ్ సెజోంగ్ ఇన్‌స్టిట్యూట్ అని కొరియా ప్రభుత్వం తరఫున భాష నేర్పే సంస్థ ఉంది, దాని ఫౌండేషను 2012లో ఏర్పడింది. వారి పాఠాలు ఇంటి నుంచే చదువుకోవచ్చు. కేబీఎస్ వరల్డ్ రేడియోవారూ పాఠాలు పెట్టారు. డ్యువోలింగో గురించి పిల్లలు చెబుతారు. అక్షరాలు గుర్తుపట్టడానికి అది మంచిదే గాని, మాట ఎందుకలా మారిందో విడమరిచి చెప్పే ఓపిక దానికి తక్కువ అని నా అభిప్రాయం. చదువుకు కూర్చునేటప్పుడు మిగతా మోతలన్నీ ఆపేయాలి. లేకపోతే పాఠం మధ్యలో మన సంఘం వాట్సాపులో శుభోదయాలు దిగుతాయి.

అన్నింటికన్నా ముఖ్యమైన సామగ్రి బజారులో దొరకదు, మనమే తయారుచేసుకోవాలి. అది తెలుగులో రాసుకున్న నోటుపుస్తకం. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఏమీ అనుకోకండి.

మనకు దొరికే పాఠ్యపుస్తకాలన్నీ ఇంగ్లీషు మాట్లాడేవాళ్ల కోసం రాసినవి. కొరియను వాక్యంలో క్రియ చివర వస్తుంది, జాగ్రత్త అని మొదటి పాఠంలోనే భయపెడతారు. మనకు ఎక్కడ వస్తుందండీ? 'నేను నీకు పుస్తకం ఇస్తాను' అన్నదాన్ని కొరియనులో పెడితే నాలుగు మాటలూ అదే వరసలో కూర్చుంటాయి. 'కి', 'ని', 'లో' అన్నవి నామవాచకం వెనుక తగిలించడం వాళ్లకూ అంతే. 'నిన్న వచ్చిన మనిషి' అనాలంటే 'ఒజే ఓన్ సరం' అంటారు. ఒజే నిన్న, ఓన్ వచ్చిన, సరం మనిషి. ఇంగ్లీషు పుస్తకం దీనికి ఒక అధ్యాయం కేటాయించింది. మనకు అధ్యాయం ఎందుకు, అది మనం రోజూ మాట్లాడే మాట. 'వస్తానని అన్నాడు'లో 'అని' ఉంది చూడండి, దానికి సరిగ్గా అటువంటి ముక్క వాళ్లకూ ఉంది. 'నాకు కూతురు ఉంది' అని మనం అన్నట్టే వాళ్లూ అంటారు. 'తిని చూడండి' అన్నదానికి వాళ్లు కూడా తినడమూ చూడడమూ కలిపి 'మొగొ బొసెయో' అంటారు. ఇంగ్లీషులో చెప్పమంటే ఈ 'చూడు' మాయమైపోతుంది.

మాటల్లోనూ అంతే. వడ్లు, బియ్యం, అన్నం మనకు మూడు వేర్వేరు వస్తువులు. వాళ్లకూ మూడు మాటలు: ప్యొ, స్సల్, పప్. మధ్యలో ఇంగ్లీషు పెట్టుకుంటే మూడూ ఒక్కటే అయి కూర్చుంటాయి. అక్క వేరు, చెల్లి వేరు. పైగా వాళ్లకు ఇంకో మెలిక: అక్కను పిలిచేది ఆడపిల్ల అయితే ఒన్ని, మగపిల్లవాడైతే నునా. చివరికి వియ్యంకుడు, వియ్యపురాలు అన్న చుట్టరికానికి ఇంగ్లీషులో మాటే లేదు. మా అమ్మాయి తన సహోద్యోగులకు నన్ను గురించీ అత్తగారిని గురించీ చెప్పాలంటే అరవాక్యం పట్టేదట. కొరియనులో ఒక్క మాట, సదోన్. వియ్యపురాలిని గౌరవంగా సబుయిన్ అంటారు. ఈ మాట నేను నోటుపుస్తకంలో రాసుకున్న రోజున ఇంగ్లీషు గడి కొట్టేశాను. అప్పటి నుంచి రెండే గడులు, కొరియను, తెలుగు. చదువు వేగం పుంజుకుంది.

మర్యాద సంగతి కూడా చెప్పాలి. కొరియనులో మర్యాద రెండు రకాలు, విడివిడిగా ఉంటుంది. ఎవరి గురించి మాట్లాడుతున్నామో వారికి ఒకటి, ఎవరితో మాట్లాడుతున్నామో వారికి ఒకటి. ఇది చాలా జటిలమని పుస్తకాలు పదేపదే హెచ్చరిస్తాయి. 'నాన్నగారు వచ్చారండీ' అనే వాక్యం తీసుకోండి. 'వచ్చారు'లోని 'ఆరు' నాన్నగారికి, చివర 'అండీ' ఎదుటివారికి. 'అబొజిగ ఒషొస్సొయో'లో కూడా లోపల ఒక ముక్క నాన్నగారికి, చివర 'యో' వినేవారికి. గోదావరి జిల్లాలవాళ్లకు 'అండీ' ఎక్కడ పెట్టాలో ఎవరైనా నేర్పాలా? ఆ 'యో'ను నేను ఇప్పటికీ మనసులో 'అండీ' అనే చదువుకుంటాను.

సంధులు చూస్తే మన వ్యాకరణం మాస్టారు గుర్తుకువస్తారు. వాక్కు, మయం కలిస్తే వాఙ్మయం అవుతుంది కదా. వాళ్లకు గుక్ అంటే చారు, ముల్ అంటే నీళ్లు. రెండూ కలిస్తే గుంగ్ముల్. 'క'కారం పక్కన 'మ'కారం చేరగానే ముక్కులోకి వెళ్లిపోవడం అక్కడా ఇక్కడా ఒకటే. అలాగని మన మిత్రులొకరు వాదించినట్టు కొరియావాళ్లు తెలుగువాళ్లే అని నేను అనను. అమ్మను వాళ్లూ 'ఒమ్మా' అంటారు, నాన్నను 'అప్పా' అంటారు, నిజమే. హోమర్ హల్బర్ట్ అనే అమెరికా దేశస్థుడు ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలోనే కొరియనునూ ద్రావిడ భాషలనూ పోల్చి పుస్తకం రాశాడు. ఇప్పటి భాషాశాస్త్రజ్ఞులు ఆ చుట్టరికాన్ని ఒప్పుకోరు. చుట్టరికం లేకపోయినా ఇరుగుపొరుగు స్నేహం చేయవచ్చు కదా, నాకు అది చాలు. బౌద్ధం వెంట నడిచి వెళ్లిన మాటలు మాత్రం ఉన్నాయి. మన 'క్షణం' చీనా మీదుగా వెళ్లి అక్కడ 'చల్నా' అయింది. మన కృష్ణాతీరంతో పేరు ముడిపడిన ఆచార్య నాగార్జునుణ్ణి వాళ్లు యొంగ్సు అంటారు. అది పేరుకు చీనాలో చేసిన అనువాదం, కొరియా ఉచ్చారణలో.

అంకెల దగ్గర కాస్త ఓపిక కావాలి. రెండు వరసలు ఉన్నాయి. దేశీయమైనవి హనా, తుల్, సెత్. చీనా నుంచి వచ్చినవి ఇల్, ఇ, సమ్. గడియారంలో గంటలకు దేశీయం, నిమిషాలకు చీనా వరస వాడతారు. మూడుగంటల పది నిమిషాలలో మూడు ఒక భాష, పది ఇంకో భాష. మొదట విసుగు పుట్టించినా, మనమూ రోజులు ఒకటి, రెండు అని లెక్కపెట్టి తిథులు విదియ, తదియ అనడం లేదూ అనుకుంటే సర్దుకుంటుంది.

అసలైన కష్టం ఉచ్చారణలో ఉంది. పత్రికలో అచ్చుకు వీలుగా ఈ మాటలన్నీ తెలుగు లిపిలో ఇస్తున్నాను గాని, దీన్ని నమ్ముకుని నేర్చుకోకండి. చంద్రుడికీ, కూతురికీ, ముఖానికి తొడిగే ముసుగుకీ వాళ్ల మాటలు మన చెవికి మూడూ 'తల్' అనే వినిపిస్తాయి. మొదటి 'త' మెత్తగా, గొంతు కాస్త దించి. రెండోది బిగించి, మన 'అత్త'లో తకారంలాగ. మూడోది గాలి వదిలి, గొంతు ఎత్తి. దీనికి నేను కనుక్కున్న సాధనం ఒక కాగితం పట్టీ. అద్దం ముందు నిలబడి పెదవుల ఎదుట పట్టుకోవాలి. ముసుగుకు పట్టీ బాగా ఎగరాలి, కూతురికి కదలకూడదు. మరో అచ్చు ఉంది, 'ఉ' అంటూనే మూతి చుట్టకుండా నవ్వుతున్నట్టు పెదవులు సాగదీయాలి. పొద్దున్నే వసారాలో అద్దం ముందు ఈ సాధన చూసి పాలబ్బాయి రెండు రోజులు గేటు బయటే నిలబడ్డాడు.

ఇక్కడ మన ఉద్యోగం ఆదుకుంది. ట్రైనింగులో మోర్సు నేర్చినప్పుడు చుక్కా గీతా కాగితం మీద చూడొద్దు, చెవితో పట్టు అనేవారు. దా-డి-దా అని వినగానే చెయ్యి ఆ అక్షరం రాసేయాలి, మధ్యలో ఆలోచన ఉండకూడదు. అదే పద్ధతి పెట్టుకున్నాను. ఉదయం ఇరవై నిమిషాలు వినడం, విన్నది గళ్లలో రాయడం, తరువాత పుస్తకంతో సరిచూసుకోవడం. సాయంత్రం డబ్బా. మొత్తం రోజుకు నలభై నిమిషాలు. ఆదివారం కూడా మానలేదు.

తొమ్మిది నెలలు గడిచాయి. పిల్ల నాతో నాలుగైదు నిమిషాలు నిలబడుతోంది. నేను ఒక తెలుగు మాట ఇస్తే తను ఒక కొరియను మాట ఇవ్వాలని ఒప్పందం. 2022 అక్టోబరులో ఒక తెల్లవారుజామున మా అమ్మాయి ఫోను చేసింది. వియ్యంకులవారు నిద్రలోనే వెళ్లిపోయారు. ఆయనా నేనూ నాలుగేళ్లు ఫోనులో చేతులు ఊపుకున్నాము, తలలు పంకించుకున్నాము, అంతే. ఒక మాట కూడా నేరుగా అనుకున్నది లేదు. అప్పటికే ఆయన కోసం ఒక వాక్యం సిద్ధం చేసుకుంటున్నాను, మనవరాలి పుట్టినరోజుకు అందామని.

అక్కడ సాధారణంగా మూడు రోజుల్లో కార్యక్రమం ముగిస్తారు. నాలుగో నాడు వియ్యపురాలితో మాట్లాడతానన్నాను. నేను తర్జుమా చేస్తాను నాన్నా అంది అమ్మాయి. వద్దన్నాను. పుస్తకంలో పరామర్శకు ఒక మాట ఉంది. అది పూలదండ రిబ్బను మీద రాసే మాట, బరువైనది, నా నోట అతికినట్టు ఉండదు. రాత్రంతా డబ్బాలో వెతికి మూడు కార్డులు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టుకున్నాను. మఉమ్ అంటే మనసు. మాని అంటే చాలా. అఫుదా అంటే నొప్పి పుట్టడం. "సబుయిన్, మఉమి మాని అఫుమ్నిదా" అన్నాను. మనం తెలుగులో అనుకునే మాటే, అదే వరసలో.

ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "కంసహమ్నిదా, సదోన్ ఒరున్" అన్నారు. ఒరున్ అంటే పెద్దవారు. వియ్యంకులవారూ అని పిలిచినట్టు. నన్ను ఆ చుట్టరికంతో ఆవిడ పిలవడం అదే మొదటిసారి. ఆ వెంటనే ఒక ప్రశ్న వేశారు: "జిన్జి దుషొస్సొయో?" భోజనం చేశారా అని. భర్త పోయిన నాలుగో రోజున ఆవిడ నన్ను అడిగిన మాట అది. పిల్లలను అడిగేటప్పుడు పప్ అంటారు, పెద్దవాళ్ల భోజనానికి జిన్జి అనే వేరే మాట ఉంది. నా జవాబులో ఆ గౌరవం ఉండకూడదు, మనం 'నేను భోంచేశారు' అని అనుకోము కదా. "నే, మొగొస్సొయో" అన్నాను. తిన్నానండీ అని. ఆవిడ కూడా వంట చేసుకోవాలనీ, తినాలనీ చెప్పడానికి నాకు మాటలు చాలలేదు. అవి నేర్చుకుని వారం తరువాత మళ్లీ చేశాను. ఇంట్లో మనిషి పోయినవాళ్లకు ఒంటరి వంట ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ రోజు మా అమ్మాయి పక్కన లేదు. పన్నెండు నిమిషాలు మాట్లాడుకున్నాము.

2024 ఏప్రిల్‌లో మూడు వారాలు డేజోన్ వెళ్లివచ్చాను. బస్సుల మీద, దుకాణాల మీద రాసినవి చదువుకుంటూ తిరిగాను. అర్థం సగమే తెలిసినా చదవగలగడమే ధైర్యం. ఆవకాయ తీసుకువెళ్లాను. వియ్యపురాలు తన దోసకాయ కించీ నా ముందు పెట్టి "దుషొ బొసెయో" అన్నారు. 'తిని చూడండి'కి అది పెద్దవాళ్లతో వాడే రూపం. నేను ఆవకాయ సీసా జరిపి అదే మాట అన్నాను. కొరియావాళ్లు కారంలో గట్టివాళ్లని పేరు. ఆవిడ ఒక ముద్ద తిని రెండు గ్లాసుల నీళ్లు తాగి "మెవొయో" అన్నారు. కారంగా ఉందని. అయినా సీసా తిరిగి ఇవ్వలేదు.

మనవరాలు నా గురువు. ఉచ్చారణలో కాగితం పట్టీకి లొంగనివి ఆమెకు లొంగుతాయి, ఎందుకంటే సరిగా అనేదాకా కదలనివ్వదు. అమ్మమ్మ తాతలను అక్కడ 'వె' అనే ముక్క చేర్చి వెహరాబొజి అంటారు. ఆ 'వె'కు అర్థం బయట. నేను బయటి తాతనన్నమాట! ఈ వ్యత్యాసం ఇప్పుడు చాలా ఇళ్లలో మానేస్తున్నారట. మా పిల్ల నన్ను 'తాత' అనే పిలుస్తుంది, ఆ మాట దాని తరగతి పిల్లలందరికీ వచ్చు. అక్కడ పూలరేకులు నూరి గోళ్లకు ఎరుపు వేసుకునే ఆచారం ఉంది. దానికి వాళ్ల మాట పొంగ్సుంగా. నేను గోరింటాకు పొడి పట్టుకువెళ్లాను. 'గోరింటాకు' అన్న మాట అప్పజెప్పి 'పొంగ్సుంగా' తీసుకున్నాను.

మొదలుపెట్టదలచిన మిత్రులకు మరి రెండు మాటలు. మన ఇళ్లలో ఆడవాళ్లు కొరియా సీరియళ్లు చూస్తున్నారు. వినడానికి మంచివే, రోజూ అయిదు నిమిషాలు కింద అక్షరాలు కనబడకుండా చూడమనండి. అయితే వాటిలో కుర్రాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడే మాట చనువు మాట. మనం దాన్ని పట్టుకుని పెద్దవాళ్లతో మాట్లాడితే 'ఏరా, ఒరే' అన్నట్టు ఉంటుంది. ఫోనులో యంత్రం చేసే తర్జుమాకూ ఈ చిక్కే ఉంది: అర్థం సరిపోవచ్చు, మర్యాద తప్పవచ్చు. చివర 'యో' ఉందో లేదో చూసుకుని పంపండి.

పరీక్ష ఉంది, టోపిక్ అంటారు, 1997 నుంచి జరుగుతోంది. మొదటి భాగం రెండువందల మార్కులకు. ఎనభై వస్తే ఒకటో స్థాయి, నూటనలభై వస్తే రెండో స్థాయి. సర్టిఫికెట్టు రెండేళ్లే చెల్లుతుంది. ఉద్యోగాలకు, చదువులకు వెళ్లే మనవలకు అది అవసరం. మనకు ఇంక్రిమెంటు వచ్చేది లేదు కనుక నేను రాయలేదు. కాని పాత ప్రశ్నపత్రాలు, వినే భాగంతో సహా, వాళ్లే బయటపెట్టారు. సాధనకు అవి చాలా మంచివి.

నా తెలుగు-కొరియను నోటుపుస్తకం ఇప్పటికి మూడు సంపుటాలైంది. మొదటిదానికి జిరాక్సు తీయించి మన సంఘం చదువుగదిలో బీరువా రెండో అరలో పెట్టాను. ఇంటికి తీసుకువెళ్లవద్దు, అక్కడే రాసుకోండి. ఆదివారాలు ఉదయం పది నుంచి పదకొండు దాకా నేను అక్కడ ఉంటాను. ఇప్పటికే ముగ్గురు వస్తున్నారు. ఒకరి మనవడు పెనుకొండలో పనిచేస్తున్నాడు, మిగతా ఇద్దరివీ సీరియళ్ల కేసులు. వచ్చేవాళ్లు గళ్ల పుస్తకం, పెన్సిలు, రబ్బరు తెచ్చుకోండి. పాత శుభలేఖలు ఉంటే పారేయకుండా తీసుకురండి, నా దగ్గర అయిపోయాయి.